సింగయ్య బుర్రకి తుప్పు

ఆ ఉదయం చిట్టి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. నాన్న సింగయ్య హార్బరుకి బయలుదేరేలోపు మందు మానమని చెప్పాలి, బాపట్ల కాలేజీకి బస్సు అందుకోవాలి. అంతే!

"నాన్నా, మందు ఒంట్లో విరిగేటప్పుడు ఫ్రీ రాడికల్స్ పుడతాయి. అవి మెదడు కణాల మీద పడి పొరల్ని పాడుచేస్తాయి. దాన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు."

"తెలుగులో చెప్పవే."

అది తెలుగేనని అనబోయి చిట్టి ఆగింది. నిజాంపట్నంలో బోటు నడిపే మనిషికి తగిన మాట వెతికింది. "ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది కదా, మందుకి బుర్ర కూడా అంతే."

సింగయ్య గతుక్కుమన్నాడు. తుప్పుకి లంగరు గొలుసు తెగడం కళ్లారా చూసినవాడు మరి!

చిట్టి మురిసిపోయేలోపే, వంటింట్లోంచి ఆ చివరి ముక్క మాత్రం విన్న తల్లి గంగరత్నం పక్కింటికి పరుగెత్తింది. "వదినా, మా ఆయన బుర్ర తుప్పు పట్టిందంట!" ఆ మాట ఐసు బండి దాకా వెళ్లేసరికి తలకి స్కానింగు తీశారంట అయ్యింది. చేపల వేలం దగ్గరకి చేరేసరికి పెద్ద డాక్టర్లు చేతులెత్తేశారంట అయ్యింది.

ఆ పుకారు చెవిన పడగానే చిట్టి బస్సు వదిలేసి హార్బరుకి పరుగుతీసింది. అప్పటికే బోటు ఓనరు పూర్ణచంద్రరావు సింగయ్యను ఒడ్డునే ఆపేశాడు.

"తుప్పు బుర్రోడికి బోటెట్టా ఇస్తానయ్యా? సముద్రంలో దారి మర్చిపోతే?"

"బాబాయిగారూ, అది పోలికండీ! ఏళ్ల తరబడి తాగితే మతిమరుపు వస్తుందని..."

"అదిగో, మతిమరుపంట! పిల్లే ఒప్పుకుంది."

నాన్న పదిహేనేళ్లుగా పట్టిన చుక్కాని తన నోటి పుణ్యాన పోతోందని చిట్టికి ఏడుపొచ్చింది.

"ఏదన్నా అడగండి బాబూ," అన్నాడు సింగయ్య. "చెప్పలేకపోతే ఇంటికి పోతా."

పూర్ణచంద్రరావు మీసం దువ్వాడు. "సరే. పోయిన నెల నా పుట్టినరోజునాడు మన వంజరం చేపల్ని వేలంలో ఎవరూ పాడనంత రేటుకి పాడుకున్న పిచ్చోడెవడు?"

"మీరేనండి."

"ఏంటీ?"

"పొద్దున్నే సీసా ఖాళీ చేసొచ్చి, మన చేపలకి మీరే పాట పెంచుకుంటా పోయి మీరే పాడుకున్నారండి. మిమ్మల్ని ఇంటికి చేర్చాలని ఆరోజు నేను చుక్క ముట్టలేదు."

చుట్టూ ఉన్నవాళ్లంతా అవునని తలలూపారు. పూర్ణచంద్రరావు తన తల తడిమి చూసుకున్నాడు. చిట్టిని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మాయ్, ఈ తుప్పు గీకితే పోద్దా?"

"మానేస్తే కొంత తగ్గొచ్చండి."

సింగయ్య నవ్వుకుంటూ బోటెక్కాడు. ఆ రోజు నిజాంపట్నంలో చిట్టి మాట విని మందు మానిన మనిషి ఒక్కరే. ఆ పూర్ణచంద్రరావుకి చెప్పాలని ఆమె ప్లాను వేసుకోనే లేదు.