నిశ్చింత శాఖ కాపాడిన కోడలు

ఇక మీదట పౌరులెవరూ మోసపోవడం గురించి ఆలోచించనక్కర్లేదని, ఆ సంగతి పూర్తిగా ప్రభుత్వమే చూసుకుంటుందని పౌర నిశ్చింత శాఖ మంత్రిగారు సోమవారం పొద్దున ప్రకటించారు. ఇందుకోసం ‘రెప్పవేయని కన్ను’ అనే మహాయంత్రాన్ని ఆయన మీట నొక్కి ప్రారంభించారు. దేశంలో ఎవరు ఏ మూల కార్డు గీకినా ఆ కన్ను చూస్తుంది. అనుమానం వస్తే అక్కడికక్కడే ఆపేస్తుంది. ‘దానికి అనుమానం ఎప్పుడెప్పుడు వస్తుంది?’ అని ఒక విలేఖరి అడిగితే, ‘ప్రజల మీద ప్రేమ ఉన్నవాళ్ళకి ఎప్పుడూ అనుమానమే’ అని మంత్రిగారు గొంతు గద్గదం చేసుకున్నారు.

సరిగ్గా ఆ సాయంత్రమే డ్రైవింగ్ స్కూల్ టీచరమ్మ తన అత్తగారిని వెంటబెట్టుకుని చెవి మిషన్ల షాపుకి వెళ్ళింది.

టీచరమ్మ నిదానమైన మనిషి. పక్కసీట్లోని శిష్యుడు బండిని నేరుగా గోడకేసి పోనిస్తున్నా, ‘మెల్లగా... బ్రేకు మధ్యలోది’ అనడమే తప్ప అరిచి ఎరగదు. భర్త సరుకు ఓడలో వంటవాడు. ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ళ మీదే ఉంటాడు. ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే. అత్తగారు ఊరంతా కాలినడకన చుట్టి, ఎవరింట్లో ఏం జరిగిందో పేపరుకన్నా ముందు తెచ్చే మనిషి. అలాంటిది ఈమధ్య వీధి దాటుతుంటే వెనక లారీ హారన్ ఆవిడకి వినిపించలేదు. లారీవాడు పక్కకి తిప్పి దీపస్తంభాన్ని గుద్దాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడ గడప దాటలేదు. బాల్కనీలో కూర్చుని కింద మాట్లాడుకునేవాళ్ళ పెదాలు చూస్తూ, వాళ్ళు నవ్వితే తనూ నవ్వేది. ఆ నవ్వు చూడలేకే కోడలు చెవి మిషను కొనడానికి తెగించింది.

షాపతను పరీక్షలన్నీ చేసి, చెవికి అచ్చు తీసి, మంచి మిషను ఎంచి డబ్బాలో పెట్టాడు. కార్డు గీకాడు. గీకుడు మిషను ఎర్రగా వెలిగింది.

“బ్లాక్ అయిందండీ,” అన్నాడు షాపతను, ఎవరో పోయారని చెప్తున్నట్టు.

టీచరమ్మ ఫోనుకి మెసేజి వచ్చింది: ‘మీ కార్డు మీద మోసం జరగబోయింది. మిమ్మల్ని కాపాడాం. అభినందనలు.’

“ఏమిటే?” అంది అత్తగారు.

“మనల్ని కాపాడారట, అత్తయ్యా!”

“కాఫీ తెస్తారటా? నాకు చక్కెర తక్కువ వెయ్యమను.”

టీచరమ్మ హెల్ప్‌లైనుకి ఫోన్ చేసింది. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక మృదువైన గొంతు పలికింది.

“నమస్కారం మేడమ్. మీరు మీరేనా?”

“నేనే బాబూ. కొంటున్నది కూడా నేనే. కార్డు వదిలెయ్యండి.”

“మోసగాళ్ళందరూ అలాగే అంటారు మేడమ్. మీరు మామూలుగా కార్డు మీద ఏం కొంటారు?”

“పెట్రోలు.”

“కరెక్ట్. మరి పెట్రోలు కొనే మనిషికి చెవి మిషను ఎందుకు?”

“మా అత్తగారికి.”

అవతల కీబోర్డు టకటకలాడింది.

“సారీ మేడమ్. కోడలు అత్తగారికి ఇంత ఖరీదైన వస్తువు కొనడం మా సిస్టమ్‌లో హై రిస్క్ కింద వస్తుంది. అందులోనూ ఆవిడకి వినిపించేలా చేసే వస్తువు.”

నిశ్చింత భవన్‌కి స్వయంగా వెళ్ళి చెప్పుకోమని సలహా ఇచ్చి, తన సేవకి మార్కులు వెయ్యమని వినయంగా కోరి, అతను ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు అత్తాకోడళ్ళిద్దరూ నిశ్చింత భవన్‌కి వెళ్ళారు. అద్దాల మేడ. లోపల గోడగోడకీ ‘మీ పిన్ ఎవ్వరికీ చెప్పకండి’ అని మంత్రిగారు చూపుడు వేలెత్తి హెచ్చరిస్తున్న పోస్టర్లు. పై అంతస్తులో అధికారి ఎంతో మర్యాదస్థుడు. కుర్చీలు తనే లాగి వేశాడు.

“చూడండమ్మా, బ్లాక్ తీయడం క్షణం పని. కానీ మోసం జరగలేదని మీరు రాసివ్వాలి. మోసం జరగలేదంటే మంత్రిగారు కాపాడలేదన్నట్టే. మంత్రిగారు కాపాడలేదని మీరు రాసిస్తారా? మీలాంటి కుటుంబ స్త్రీలు?”

“నేను ఎవర్నీ ఏమీ అనడం లేదండీ. ఆ మిషను ఇప్పిస్తే చాలు.”

“ఏమంటున్నాడే?” అంది అత్తగారు.

“మోసం జరిగిందంటున్నారు!” అని చెవిలో అరిచింది కోడలు.

“అది ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది,” అంది అత్తగారు, తాను గుసగుసలాడుతున్నాననుకుని.

కోడలి అరుపు పక్కగదిలో ఉన్న మంత్రిగారి పి.ఏ. చెవిన పడింది. అతను పరుగున వచ్చాడు. మోసం అనే మాట కోసం పొద్దుట్నుంచీ కాసుకుని కూర్చున్న మనిషతను. రెప్పవేయని కన్ను అప్పటికి వేలమంది కార్డులు ఆపింది. దురదృష్టం, అందరూ ఎవరి కార్డు వాళ్ళే గీక్కున్నవాళ్ళు. సన్మానించడానికి ఒక్క బాధితుడూ దొరక్క శాఖ మొత్తం దిగులు పడి ఉంది.

“బాధితురాలు మీరేనా మేడమ్?” అన్నాడు పి.ఏ., అపురూపంగా.

“నన్నెవరూ మోసం చెయ్యలేదండీ.”

“చెయ్యబోయారు.”

“ఎవరు?”

“దర్యాప్తులో ఉంది. ప్రస్తుతానికి అనుమానితులు కూడా మీరే. ఇద్దరూ ఒకరే కావడం వల్ల శాఖకి చాలా ఖర్చు కలిసొచ్చింది.”

ఆ వెంటనే అతను పథకం చెప్పేశాడు. ఎల్లుండి భారీ బహిరంగ సభ. మంత్రిగారు స్వహస్తాలతో కార్డుకి విముక్తి కలిగిస్తారు. చెవి మిషను వేదిక మీదే కొని అత్తగారికి అందిస్తారు. టీచరమ్మ మైకు ముందు ‘నన్ను కాపాడారు’ అని రెండు ముక్కలు చెప్తే చాలు.

“కార్డు ఇలా ఇవ్వండి. అద్దాల పెట్టెలో పెట్టి జనానికి చూపించాలి. పిన్ కూడా చెప్పండి, మంత్రిగారు స్వయంగా నొక్కాలి కదా!”

టీచరమ్మ గోడ మీది చూపుడు వేలు కేసి చూసింది. “ఎవ్వరికీ చెప్పొద్దని రాశారు కదండీ!”

“ఎవ్వరికీ అన్నాం మేడమ్. మాకు వద్దన్నామా?”

కార్డుని సంచిలో దాచేసి లేచి వెళ్ళిపోదామని ఆమె కాళ్ళు అన్నాయి. కానీ పక్కన అత్తగారు అధికారి పెదాలూ, పి.ఏ. పెదాలూ మార్చి మార్చి చూస్తోంది. పి.ఏ. నవ్వాడు. అర్థం కాకపోయినా ఆవిడా నవ్వింది. అదే బాల్కనీ నవ్వు. టీచరమ్మ గొంతు తగ్గించి నాలుగు అంకెలూ చెప్పేసింది. ఎన్నాళ్ళనుంచో పాఠాలు చెప్తున్న మనిషి, తొలిసారి బ్రేకు మరిచిపోయింది.

సభ అదిరిపోయింది. కనుచూపు మేరా కుర్చీలు, వేదిక నిండా పూలు, మేడంత ఎత్తున మంత్రిగారి కటౌటు. దాని కన్ను ఒకటి లైట్లతో వెలుగుతోంది. రెప్ప వెయ్యదు. మంత్రిగారు ఒక తల్లి చెవి గురించి మాట్లాడుతూ రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నారు. టీచరమ్మ మైకు ముందుకొచ్చి “నన్ను కాపాడారు” అంది. ఎవరి నుంచి అన్నది ఆమెకి ఎవరూ చెప్పలేదు కనుక అంతటితో ఆగింది. చప్పట్లు మోగాయి.

మంత్రిగారు మీట నొక్కి బ్లాక్ తీశారు. అద్దాల పెట్టెలోంచి కార్డు తీసి గీకారు. పిన్ నొక్కారు. పచ్చలైటు వెలిగింది. జనం లేచి నిలబడ్డారు. పి.ఏ. కార్డుని రెండు చేతులా భక్తిగా అందుకుని తెర వెనక్కి వెళ్ళాడు. అక్కడ కుర్చీలవాడు, పూలవాడు, మైకులవాడు, కటౌటువాడు తమ తమ గీకుడు మిషన్లు పట్టుకుని ఎంతో క్రమశిక్షణతో వరసలో నిలబడి ఉన్నారు.

షాపతను వేదికెక్కి అత్తగారి చెవిలో మిషను అమర్చి సన్నగా తిప్పాడు. సభ ఊపిరి బిగబట్టింది. మంత్రిగారు వంగి మైకు ఆవిడ ముందు పెట్టారు.

“ఏమైనా వినిపిస్తోందా అమ్మా?”

అత్తగారి మొహం నెమ్మదిగా విచ్చుకుంది. “వినిపిస్తోంది నాయనా! చిన్న గంటలా... టింగుమంటోంది.”

టీచరమ్మ సంచిలోని ఫోను అది. తీసి చూసింది. ‘కుర్చీల అద్దె. చెల్లింపు పూర్తయింది. అనుమానించదగ్గదేమీ లేదు.’

“అదిగో, మళ్ళీ!” అంది అత్తగారు. జనం చప్పట్లు కొట్టారు.

పూలు.

“మళ్ళీ! ఎంత తియ్యగా ఉందో!”

కటౌటు. మంత్రిగారు ముచ్చటగా మూడోసారి కళ్ళు తుడుచుకున్నారు. టీచరమ్మ ఫోను మోత ఆపెయ్యబోయింది. అత్తగారు చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఆపకే అమ్మాయ్! ఎన్నాళ్ళకి వింటున్నానో. మోగనీ!”