స్థలదేవుడికి నిద్రలేమి

మా సందు మొదట్లో, గంజాయి దుకాణం ముందు, స్తంభం మీది చిన్న గూట్లో ఉండి ఈ నేలను కాచే స్థలదేవుడికి దీర్ఘకాలిక నిద్రలేమి ఉన్నట్టు ప్రభుత్వ గుర్తింపు గల వైద్యులు ధ్రువీకరించారని నొంతబురి పురజనులందరికీ సంతోషంతో తెలియజేస్తున్నాం. వైద్యుడి చీటీకి అద్దం కట్టించి దేవుడి గూటి పక్కనే తగిలించారు. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు, చెప్పులు విప్పి.

గంజాయిని నేరాల పట్టికలోంచి తీసేసిన కొత్తలో ప్రభుత్వమే మొక్కలు పంచిపెట్టింది. మేం కృతజ్ఞతతో పెంచాం. నూడుల్స్ పులుసులో ఆకు వేశాం, ఆమ్లెట్‌లో వేశాం, ఇంటికొచ్చిన అత్తగారికి ఆకు వేసిన టీ ఇచ్చి ఆవిడ మొదటిసారి నవ్వడం చూశాం. కొన్నాళ్లకు మంత్రులు మారారు. కొత్తవారు మొక్కను నిశితంగా పరిశీలించి అది ఔషధమని కనిపెట్టారు. ఆకు ఎవరైనా తినవచ్చు, పువ్వు మాత్రం జబ్బున్నవాళ్లకే, అదీ వైద్యుడి చీటీ ఉంటేనే అన్నారు. మర్నాటికి మా సందులో ఆరోగ్యవంతుడనేవాడు మిగల్లేదు.

దుకాణం యజమాని కియత్ బాధ్యత గల పౌరుడు. వెంటనే విరోజ్ అనే వైద్యుణ్ణి తెచ్చి, గాజు సీసాల మధ్య స్టూలు వేసి కూర్చోబెట్టాడు. విరోజ్ నాడి పట్టకుండానే రోగం చెప్పగల సమర్థుడు. ఎండకు ఎర్రబడి నవ్వుతూ వచ్చిన విదేశీయులకు తలనొప్పి. బండి మీద జనాన్ని దింపే టాక్సీవాళ్లకు నడుంనొప్పి. సాయంత్రం మళ్లీ వచ్చినవాళ్లకు రెండూ.

అంతా సవ్యంగా నడుస్తుండగా మాలై పిన్ని ఒక పొరపాటు చేసింది. నిజమైన రోగిని తీసుకొచ్చింది.

ఆవిడ భర్త థవిన్ బాబాయ్ నది మీద పడవ నడిపిన మనిషి. కడుపులో క్యాన్సర్. మందు ఎక్కించడం మొదలుపెట్టాక గంజి కూడా లోపల నిలవడం లేదు. చొక్కా లోపల మనిషిని వెతుక్కోవలసి వస్తోంది. పెద్దాసుపత్రిలో అడిగితే, మిగతా మందులన్నీ విఫలమయ్యాకనే గంజాయి మందు ఇస్తామన్నారు. మిగతావి ఇంకా విఫలం కాలేదు. మింగిన ప్రతి మాత్రా వాంతిలో బయటికి వచ్చేస్తోంది గనుక, విఫలం కావడానికి వాటికి అవకాశమే దొరకలేదు.

బాబాయ్‌ని చూడగానే విరోజ్ స్టూలు వెనక్కి జరుపుకున్నాడు.

“ఇది నిజం జబ్బు పిన్నీ. రేపేమన్నా అయితే నా మెడకు చుట్టుకుంటుంది. నేను బాగున్నవాళ్లకే రాస్తాను.”

“పోనీ నడుంనొప్పని రాయి బాబూ.”

“అబద్ధం రాయమంటావా?” అని విరోజ్ నొచ్చుకున్నాడు.

ఆ వారమే తనిఖీ అధికారి నరోంగ్ వచ్చాడు. లోపలికి వెళ్లేముందు స్థలదేవుడి గూటికి చేతులు జోడించాడు. మేమందరం చేసేదే. లోపల సరుకు చూస్తే చీటీలకూ పువ్వులకూ పొంతన కుదరలేదు. కియత్ నిజం ఒప్పుకున్నాడు. రోజూ పొద్దున ఎర్ర సోడా, అరటిపండుతో పాటు ఒక పువ్వు దేవుడికి పెడుతున్నాడట. పెడుతున్నప్పటి నుంచే వ్యాపారం బాగుందట.

“చీటీ ఏదీ?” అన్నాడు నరోంగ్.

“దేవుడికా సార్?”

“పుచ్చుకున్నది ఎవరైతే వాళ్లకి. చట్టంలో దేవుడికి మినహాయింపు ఎక్కడుందో చూపించు.”

అక్కడ పుచ్చుకునేవాడెవరూ లేడని రాస్తే గొడవ తీరిపోయేది. కానీ బయట వాన పడుతోంది, ఇంటికి వెళ్లే దారిలో వంతెన ఉంది, నరోంగ్‌కు చిన్నపిల్లలున్నారు. ఆయన రాయలేదు.

అందువల్ల విరోజ్ దేవుణ్ణి పరీక్షించాడు. చట్టం ప్రకారం వయసు ఇరవై దాటాలి. గూడే అంతకన్నా పాతది. గర్భిణి కాకూడదు, పాలిచ్చే తల్లి కాకూడదు. దేవుడు ఒక చేత కత్తి, మరో చేత సంచీ పట్టుకున్న పురుషుడు. కళ్లు రాత్రింబగళ్లు తెరిచే ఉంటున్నాయి. నిద్రలేమి. రోజుకో పువ్వు, కడదాకా. ఇందులో ఒక్క అబద్ధమూ లేదు గనుక విరోజ్ ఎంతో తృప్తిగా సంతకం చేశాడు.

చీటీ బహూకరణ సభకు పెద్ద అధికారి ఒకరు వచ్చారు. “చట్టం ముందు అందరూ సమానమే,” అన్నారాయన మైకు సవరించుకుని. “కనిపించేవారూ, కనిపించనివారూ. ఈ దేశంలో జబ్బున్న ఏ ఒక్కరూ మందు అందక బాధపడకూడదన్నదే మా ధ్యేయం.” వెనక వరుసలో మాలై పిన్ని కూడా చప్పట్లు కొట్టింది.

దేవుడు ఎంతసేపు తింటాడో మాకు తెలుసు. అగరొత్తి కాలినంతసేపు. తర్వాత సెలవడిగి మిగిలింది తీసుకోవచ్చు. అది ప్రసాదం. కాదనే అధికారం ఏ శాఖకూ లేదు. మర్నాడు అగరొత్తి మొదలంటా కాలాక పిన్ని మోకాళ్ల మీద కూర్చుని, ఇంటింటికీ వినబడేటట్టే అడిగింది.

“అయ్యా, ఇవాళ మీకు నిద్ర పట్టకపోయినా సర్దుకోండి. మా ఆయనకి నాలుగు మెతుకులు సయించాలి.”

ఆ సాయంత్రం బాబాయ్ చేప వేసిన గంజి గిన్నెడు తాగాడు. నిలిచింది. నాలుగు రోజులు పోయాక గంజిలో ఉప్పు తక్కువైందని పిన్నిని తిట్టాడు. ఆవిడ ఆ తిట్టును ప్రతి గడపకూ వెళ్లి మురిపెంగా చెప్పుకుంది.

అది ఆవిడ రెండో పొరపాటు.

స్థలదేవుడి మీద మాకు ఇంత భక్తి ఉందని అప్పటిదాకా మాకే తెలియదు. తెల్లవారకముందే గూటి ముందు వరుస కడుతున్నాం. దేవుడు త్వరగా ముగిస్తాడని అగరొత్తులు విరిచి వెలిగిస్తున్నాం. విరోజ్ స్టూలు ఖాళీ అయింది. ఆయనా వరుసలోనే ఉన్నాడు. నరోంగ్ సెలవురోజుల్లో లుంగీతో వస్తాడు, ఎవరూ పలకరించకూడదని నియమం.

మొన్న మాలై పిన్ని గిన్నె పట్టుకుని వచ్చేసరికి పళ్లెంలో అరటితొక్క మిగిలింది. బాబాయ్ మళ్లీ గంజి కక్కేస్తున్నాడని చెప్పింది.

“పొద్దున్నే వచ్చి వరుసలో నిలబడాలి పిన్నీ,” అన్నాడు ముందు నిలబడ్డ బ్యాంకు మేనేజరు, మర్యాదగానే. “ఇక్కడ అందరం భక్తులమే కదా.”

రాత్రంతా ఆయన కక్కుతుంటే తల పట్టుకునేది నేనే, పొద్దున్నే ఎలా రాను అంది పిన్ని. అయ్యో అన్నాం అందరం. మనస్ఫూర్తిగానే అన్నాం.

అని ఊరుకోలేదు, చర్య తీసుకున్నాం. దేవుడికి నిద్రలేమి ముదిరిందనీ, రోజుకో పువ్వు ఏమాత్రం చాలడం లేదనీ, మోతాదు పెంచాలనీ అర్జీ రాశాం. సందులో ప్రతి ఇంటివారూ సంతకం చేశారు. థవిన్ బాబాయ్ దగ్గరికి మాత్రం వెళ్లలేదు. మరీ జబ్బుమనిషి, ఇలాంటి వాటిలోకి ఆయన్నెందుకు లాగడం.