మంత్రిగారి ముందుగది టీవీ

"ఇన్నాళ్ళూ ప్రజలు టీవీని చూశారు. ఇకనుంచి టీవీయే ప్రజల్ని చూస్తుంది. ఇంతకన్నా ప్రజాస్వామ్యం ఇంకేం కావాలి?" అని సమాచార శాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలంతా చప్పట్లు మారుమోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు ఆయన పి.ఎ. మంత్రిగారి కుర్చీ కదిలితే ముందు నడుం విరిగేది తనకేనని అతనికి బాగా తెలుసు.

పథకం గొప్పదే. ఇంటింటికీ ఉచితంగా స్మార్ట్ టీవీ. ఇంట్లో ఎవరేం మాట్లాడుకున్నా అది శ్రద్ధగా వింటుంది, వాళ్ళకేం కావాలో కనిపెట్టి ఆ ప్రకటనే చూపిస్తుంది. కట్టుకున్నవాళ్ళు కూడా అంత శ్రద్ధగా వినరు.

నెల తిరక్కుండానే ఓ లెక్కల మాస్టారు ఫిర్యాదు పట్టుకొచ్చాడు.

"సార్, మా ఆవిడకీ నాకూ చిన్న మాట పట్టింపు వచ్చింది. వెంటనే టీవీలో రెండో పెళ్ళి సంబంధాలు మొదలయ్యాయి."

"ఏదైనా నచ్చిందా?" అన్నారు మంత్రిగారు ఆదరంగా.

"చూపించింది నాక్కాదు సార్, మా ఆవిడకి. రెండు నచ్చాయంది."

"చూశావటయ్యా, ఎంత సేవ!" అని మంత్రిగారు పి.ఎ. వైపు తిరిగి మురిసిపోయారు.

పత్రికలవాళ్ళకి మాత్రం ఆ సేవ కంటికి ఆనలేదు. గూఢచారి టీవీ అని రాసిపారేశారు. మంత్రిగారికి ఒళ్ళు మండింది.

"రేపు పొద్దున విలేకరులందర్నీ మా ఇంటికి పిలు. మా ముందుగది టీవీ వాళ్ళ కళ్ళముందే పెడతాను."

పి.ఎ. వంగి చెవిలో గొణిగాడు. "సార్, పోయినవారం ఆ గదిలోనే కదా మీరూ ప్రతిపక్ష నాయకుడూ తలుపులేసుకుని రెండు గంటలు..."

"పిచ్చివాడా, టీవీ ప్రజల మాట వింటుంది. మన మాట ఎందుకు వింటుంది?"

మర్నాడు పాతికమంది విలేకరులు సోఫాల్లో ఇరుక్కుని కూర్చున్నారు. మంత్రిగారు రిమోట్ నొక్కారు. టీవీ తియ్యటి గొంతుతో పలకరించింది.

"మంత్రిగారికి స్వాగతం! పార్టీ మారే పెద్దల కోసం ప్రతిపక్షం వారి ఊదారంగు చొక్కాలు. పొట్ట కొలత చెప్పక్కర్లేదు, మా దగ్గరుంది."

కెమెరాలు తళుక్కుమన్నాయి. "సార్, ఈ చొక్కాలు...?" అన్నాడో విలేకరి.

"మా వంటవాడికి," అన్నారు మంత్రిగారు తొణక్కుండా.

గంట తిరక్కముందే పార్టీనీ ప్రభుత్వాన్నీ ఒంటిచేత్తో నడిపే అధినేతగారి నుంచి కబురు. రాజీనామా కాగితంతో సహా రమ్మన్నారు. ఆ కాగితం టైపు చేసింది పి.ఎ.నే. మంత్రిగారి వెంట వెళ్తూ దారిలోనే అతను తన ఉద్యోగానికి నీళ్ళొదులుకున్నాడు.

"నమ్మకద్రోహీ! నిన్ను సొంత తమ్ముడిలా చూశాను కదరా!" అని అధినేతగారు ఎగిరిపడ్డారు. "చూడు, ఊరంతా నీ బాగోతమే!" అంటూ వార్తల కోసం గోడమీది టీవీ పెట్టారు. వార్తలకన్నా ముందు ప్రకటన వచ్చింది.

"అధినేతగారికి స్వాగతం! నిన్న ప్రతిపక్ష నాయకుణ్ణి ఫోన్లో గంటన్నర బతిమాలి గొంతు బొంగురుపోయిందా? మా దగ్గుమందు రెండు చెంచాలు తాగండి."

అధినేతగారు లేచి తలుపు గడియ పెట్టి వచ్చి, మంత్రిగారి పక్కనే కూలబడ్డారు.

"నీకు ఏ శాఖ ఇస్తానన్నాడు?"

"సమాచార శాఖే సార్."

"నాకూ అదే అన్నాడయ్యా," అన్నారు దిగాలుగా.

అప్పుడుగానీ పి.ఎ. మనసు కుదుటపడలేదు. ఆ శాఖ ఇద్దర్లో ఎవరికొచ్చినా పి.ఎ. అంటూ ఒకడు కావాలి గదా.