స్కౌండ్రల్ సన్మానం

తెల్లదొరలు ఓడెక్కిపోతూ 'స్కౌండ్రల్' అనే మాటను పెనుకొండలోని మన ఆఫీసరుగారికి అప్పజెప్పి పోయారనీ, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తర్వాత కూడా ఆయన దాన్ని ఏ లోటూ రాకుండా కాపాడారనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

మామూలు జనాన్ని ఆయన తెలుగులోనే తిట్టేవారు. దానికేం విలువ? ఇంట్లో పెండ్లాం కూడా తిడుతుంది. స్కౌండ్రల్ మాత్రం మనిషిని చూసి ఇచ్చేవారు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా దాని అర్థం ఎవరూ అడగలేదు. అడిగితే ఇంగ్లీషు రాదని బయటపడిపోమూ! వాడుక మాత్రం అందరికీ తెలుసు. ఆ తిట్టు తిన్నవానికి పెండ్లిళ్లలో తొలి తాంబూలం. పెనుకొండ నుంచి రైలు దిగినవాణ్ణి "ఏమప్పా, యా భాషలో తిట్టినాడు?" అని అడిగేవాళ్లు. తెలుగులో అంటే అయ్యో పాపమనేవాళ్లు. పరిగి భూస్వామి హనుమంతరాయుడుగారికి ఆ మాట అందరికంటే ముందు దక్కింది గనుక, తిట్లు తిన్నవారి సంఘానికి ఆయనే అధ్యక్షులు.

ధర్మవరం నేతగాడు కుళ్ళాయప్ప ఈ గౌరవం కోసం పోలేదు. వెర్రివాడు, పట్టునూలు కోసం పోయాడు. సర్కారు ఇచ్చే నూలు కోటా ఆగిపోయి, అతని మగ్గం గుంటలో కోడి గుడ్లు పెడుతోంది. ఇంట్లో సంగటికి కూడా గతి లేదు. "నూలు ఇప్పించండి సామీ" అన్నాడు. "స్కౌండ్రల్! గెటవుట్!" అన్నారు ఆఫీసరుగారు. రెండోది కొసరు.

కబురు రైలుకంటే ముందే ఊరు చేరింది. స్టేషన్లో మేళం పెట్టారు. అతని భార్య జయమ్మ ఒక్కతే "నూలు యాడ?" అని అడిగింది. ఆమెకు లోకజ్ఞానం తక్కువ.

సాయంత్రం సన్మాన సభ. నేతగాళ్లంతా వచ్చారు. హనుమంతరాయుడుగారు దండ వేసి, "సోదరులారా! నిన్నటి దాకా కుళ్ళాయప్ప వట్టి మనిషి. నేడు స్కౌండ్రల్! ఈ ఊరి నేతకే ఇది గుర్తింపు!" అన్నారు. చప్పట్లు ఆగలేదు.

కుళ్ళాయప్ప చేతులు జోడించాడు. "అయ్యా, దండ నాకొద్దు. పిల్లోళ్లు పస్తులుండారు. ఆఫీసరు మీ మాట వింటాడు. నూలు ఇయ్యమని ఒక్క మాట చెప్పండి, మీ కాళ్లు మొక్కుతా."

"సన్మానంలో నూలు మాటేందిరా? సభా మర్యాద తెలీదా?" అని కసిరి ఆయన కండువా సర్దుకున్నారు.

కుళ్ళాయప్ప దండ తీసి బల్లమీద పెట్టాడు.

"నువ్వు స్కౌండ్రల్" అన్నాడు.

అంతే! ఇన్నేళ్లుగా ఎవరికీ పట్టని అర్థం ఒక్కసారిగా సభకంతా తెలిసిపోయింది. "ఎంత మాటన్నావురా పెద్దమనిషిని!" అంటూ మీద పడ్డారు. అధ్యక్షులవారు చెయ్యెత్తే పని కూడా లేకపోయింది. కొట్టినవాళ్లంతా నూలు లేక మగ్గాలు ఆపుకున్న నేతగాళ్లే. ఆ నెలలోనే జయమ్మ మగ్గం అమ్మేసింది.

మీరైతే చెయ్యి చేసుకొనేవారు కాదు లెండి, చదువుకున్నవారు. చప్పట్ల దాకా కూర్చుని, కొట్టే వేళకు ఇంటికి పోయేవారు.