పరాయివాడి గేర్ల సైకిల్

వసారా మీదికి రేకులు కొనుక్కురమ్మని భార్య ఇచ్చిన ఆరు వేలూ లోపలి జేబులో పెట్టుకుని, ఎర్రబోరులో పిండి గిర్నీ నడిపే రామనర్సయ్య దోర్నపాల్ సంతకు బయల్దేరాడు. బస్సెక్కేటప్పుడు ఆయన బుర్రలో రేకులే ఉన్నాయి. దిగేటప్పటికి గేర్ల సైకిల్ ఉంది.

నిజానికి ఆ సైకిల్ నెల్లాళ్ళ నుంచే బుర్రలో తిరుగుతోంది. నగర్‌నార్ ఉక్కు కర్మాగారంలో పనిచేసే తోడల్లుడు ప్రవీణ్‌కుమార్ ఎండాకాలంలో చుట్టపుచూపుగా వచ్చి, పొద్దున్నే తాను తొక్కే లావు టైర్ల గేర్ల సైకిల్ గురించి రెండు పూటలా వర్ణించి వెళ్ళాడు. ఆ మనిషి వెదురుబద్దలా ఉంటాడు. పక్కకు తిరిగితే కనపడడు. ఆయన వెళ్ళాక నాగేశ్వరమ్మ భర్త పొట్టవైపు ఒకసారి చూసి ఊరుకుంది. ఏదైనా అని ఉంటే రామనర్సయ్య తట్టుకునేవాడే. ఊరుకోవడమే ఆయన తట్టుకోలేకపోయాడు.

ఇంకో సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఈ మధ్య బస్తా భుజానికెత్తుకుంటే నాలుగడుగులకే ఊపిరి అందడం లేదు. గిర్నీ చప్పుడులో రొప్పు ఎవరికీ వినపడదు కనుక సరిపోయింది.

దోర్నపాల్‌లో సైకిళ్ళు బాగుచేసే బుధ్రాం దుకాణం ముందు నల్లటి గేర్ల సైకిల్ నిలబడి ఉంది. బదిలీ అయిపోయిన ఒక ఆఫీసరు అమ్ముకుపోయాడట.

"యే సైకిల్ నహీ సేఠ్, ఘోడా హై," అన్నాడు బుధ్రాం. "ఇక్కీస్ గేర్!"

"ఇరవయ్యొక్కటిలో ఎన్ని పనిచేస్తయ్?" అని రామనర్సయ్య తన హిందీలో అడిగాడు.

బుధ్రాం ఆయన్ని కింద నుంచి పైదాకా చూశాడు. "మీ కాళ్ళు పనిచేస్తే అన్నీ పనిచేస్తయ్."

ఏడు వేలు అన్నాడు బుధ్రాం. మూడు అన్నాడు రామనర్సయ్య. బేరం నడుస్తుండగానే ఎవరో మాస్టారు వచ్చి సైకిల్ బ్రేకు నొక్కి చూశాడు. రామనర్సయ్య గుండె నొక్కుకుపోయింది. మాస్టారు సీటు తట్టాడు, టైరు గిల్లాడు, జేబులో చెయ్యి పెట్టాడు. ఇంక లాభం లేదనుకుని రామనర్సయ్య "నాలుగున్నర!" అని సంత మొత్తానికి వినపడేలా అరిచాడు. మాస్టారు జేబులోంచి రుమాలు తీసి ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

అలా సైకిల్ ఆయనదైంది. మిగిలిన డబ్బుకు రోజూ గిర్నీ రాబడి కాస్త కాస్త కలిపి, వానలు పడేలోగా రేకులు కొనేయాలని ఆయన ఎత్తు. వానలకు ఈ ఎత్తు సంగతి తెలియదు.

తిరుగుదారి పల్లంలో తెలిసింది, ఆ గుర్రానికి కళ్ళెం లేదని. వెనక బ్రేకు నొక్కితే కీచుమంది, ముందు బ్రేకు నొక్కితే అదీ లేదు. ఎదురుగా రోడ్డంతా పరుచుకుని మేకల మంద. వెనక లారీ హారన్. "జరగండర్రా!" అని ఆయన మేకల్ని తెలుగులో బతిమాలాడు, హిందీలో బెదిరించాడు, చివరికి గోండీలో మొక్కాడు. మేకలు గోండీకి జరిగాయి. సైకిల్ మాత్రం దేనికీ ఆగక రోడ్డు దిగి పొదలో దూరింది. లేచి చూసుకుంటే మోకాలి చిప్ప దోక్కుపోయింది. సైకిల్‌కు గీత కూడా పడలేదు. ఆయనకు ముచ్చటేసింది.

గుమ్మంలోనే నాగేశ్వరమ్మ నిలబడి ఉంది.

"రేకులేయి?"

"రేటు మండిపోతుందే. బయానా ఇచ్చిన. రేటు దిగంగనే పంపుతనన్నడు."

"ఆరు వేలూ బయానానే ఇచ్చినవా?"

"గట్టిగ ఉంటదని."

"మరి ఇదేంది?"

"మన లక్ష్మణ్‌ది. అత్తగారింటికి పోతా దోర్నపాల్‌ల పెట్టి పోయిండు. తెచ్చి మన దగ్గర ఉంచమన్నడు."

లక్ష్మణ్ ఆ ఊరి జీపు డ్రైవరు, రామనర్సయ్యకు స్నేహితుడు. పదిరోజులుగా బీజాపూర్ అడవుల్లో అత్తగారి ఊళ్ళో ఉన్నాడు. అక్కడ ఫోను సిగ్నల్ ఉండదు. అబద్ధానికి అలాంటి మనిషినే ఎంచుకోవాలని రామనర్సయ్య దారంతా ఆలోచించాడు.

"జీపు నడిపేటోనికి సైకిలెందుకు?"

"ఒళ్ళు తగ్గటానికి."

"లక్ష్మణ్‌కు ఒళ్ళేడుంది?"

"ఉంటది. బయటికి కనపడదు."

నాగేశ్వరమ్మ సైకిల్ హ్యాండిల్ పట్టుకుంది. "పరాయి సొమ్ము పాములాంటిదయ్యా, జాగ్రత్తగ ఉంచాలె," అని సైకిల్‌కు పాత చీర కప్పి, మేకపోతును కట్టే గొలుసు తెచ్చి స్తంభానికి బిగించి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

తెల్లారి రామనర్సయ్య గొంతు సవరించుకున్నాడు. "తొక్కకపోతే టైర్లు పాడైతయంటనే. ఓ చుట్టు తిప్పుకొస్తా."

"పరాయోళ్ళది నువ్వు తిప్పుడేంది? రేపు ఏమన్నా ఇరిగితే లక్ష్మణ్ మొకం ఎట్ట చూస్తవ్?"

"లక్ష్మణ్ ఏమనుకోడు."

"నేననుకుంట."

మొదటిసారి చీరకట్టిన పెళ్ళికూతుర్ని చూసినట్టు ఆయన ఆ సైకిల్ చుట్టూ తిరిగాడు. చీర అంచు ఎత్తి ఒక గేరు నొక్కి చూసుకున్నాడు. "టక్" మంది. లోపలి నుంచి "ఏందా చప్పుడు?" అని వినపడింది. "ఎలుక," అన్నాడు. "ఇనుప ఎలుకా?" అంది ఆవిడ.

ఆ మధ్యాహ్నమే తూర్పున మబ్బు పట్టింది. ఎప్పుడో వస్తుందనుకున్న వాన అప్పుడే వచ్చింది. వసారా రేకుల చిల్లుల్లోంచి ధారలు మొదలయ్యాయి. అక్కడే ఆ ఊరి మంగ్లీ తన కొడుకు పెళ్ళికని ఆడించుకోవడానికి దింపిపోయిన వడ్ల బస్తాలున్నాయి. అవి తడిసి మొలకెత్తితే పెళ్ళివారికి ఏం పెడతారు? మళ్ళీ ఈ గిర్నీ గుమ్మం ఎవరు తొక్కుతారు?

మొగుడూ పెళ్ళాలిద్దరూ బస్తాలు లోపలికి లాగడం మొదలుపెట్టారు. ఒకటి లాగాడు, రెండోది లాగాడు, మూడోది సగంలో వదిలేసి రామనర్సయ్య దానిమీదే కూలబడ్డాడు. గిర్నీ ఆగి ఉంది. ఆ రొప్పు ఇల్లంతా వినపడింది.

"ఏమైందయ్యా?" నాగేశ్వరమ్మ తన బస్తా వదిలేసి వచ్చింది.

"ఏం... లేదు... కాలు జారింది."

ఆవిడ మిగతా బస్తాలు ఒక్కతే లాగింది. ఆ పూట రేకుల మాట ఎత్తలేదు. రామనర్సయ్యకు అందుకే మరీ భయమేసింది. నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా తెచ్చుకుని రెండుసార్లు మింగాడు.

మర్నాడు పొద్దున ఆయన గిర్నీ ఆడిస్తుంటే ఇంటిముందు జీపు వచ్చి ఆగింది. గిర్నీ చప్పుడులో ఆయనకు వినపడలేదు. పిండి దులుపుకుంటూ కిటికీలోంచి చూసేసరికి జీపు కోంటా దారిన కదిలిపోతోంది. పైన, తాళ్ళతో కట్టేసి, ఆయన ప్రాణం!

"ఏయ్! సైకిల్!" అంటూ బయటికి ఉరికాడు.

"ఏం లేదయ్యా, లక్ష్మణ్ వచ్చిండు. ఆయన సైకిల్ ఆయనకు అప్పజెప్పిన," అంది నాగేశ్వరమ్మ గొలుసు చుడుతూ.

"ఇచ్చేసినవా!"

"ఆయనదే గద?"

రామనర్సయ్య రోడ్డు వైపు, ఆవిడ వైపు చూశాడు. కాదంటే ఆరు వేలు బయటపడతాయి. అవునంటే సైకిల్ పోతుంది. "ఆయనదే, ఆయనదే," అంటూ వెనక్కి నడిచి, పిండి కోసం వచ్చిన ఆయతు అనే కుర్రాడి మోటారుసైకిల్ వెనక ఎక్కి కూర్చున్నాడు. "కోంటా పోనీ! జల్ది!"

వాన మొహానికి ఈడ్చి కొడుతోంది. ఒంటిమీది పిండి తడిసి ముద్దయి కారుతోంది. ఎదురొచ్చినవాళ్ళు ఈయనేదో మొక్కు తీర్చుకోబోతున్నాడనుకుని పక్కకు జరిగారు. లక్ష్మణ్ ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదు. అంత పాత స్నేహితుడు, అడక్కుండా సైకిల్ వచ్చి ఒళ్ళో పడితే ఏం చేస్తాడు? రామనర్సయ్య తానైతే ఏం చేసేవాడో ఆలోచించుకున్నాడు. "ఇంకా జల్ది," అన్నాడు.

కోంటా బజారులో ఇనుప సామాన్ల దుకాణం ముందు జీపు ఆగి ఉంది. పైన సైకిల్ లేదు.

"లక్ష్మణ్! నా సైకిలేది?"

"నీదా అన్నా?" చాయ్ తాగుతున్న లక్ష్మణ్ అమాయకంగా అడిగాడు. "నాదని వదినకు చెప్పినవంట గద!"

"నీకు... ఎట్ట తెలుసు?"

"అత్తగారి ఊళ్ళె సిగ్నల్ కోసం ఇప్పచెట్టెక్కిన. ఎక్కంగనే వదిన ఫోను. 'నీ సైకిల్ మా ఇంట్ల భద్రంగ ఉంది తమ్మీ' అన్నది. నాకు సైకిలేంది వదినా అన్న. అంతే, చెట్టు దిగమన్నది. దిగి వచ్చిన."

"ఇప్పుడదేది?"

లక్ష్మణ్ దుకాణం లోపలికి చూపించాడు. దుకాణదారు బ్రేకులు విప్పి చూస్తున్నాడు. బయట అరుగు మీద కొత్త రేకులు తళతళలాడుతున్నాయి.

"వదిన నిన్ననే ఫోన్‌ల బేరం కుదిర్చింది. వసారాకు పట్టేన్ని రేకులు, పైన మేకులు కూడ. దుకాణపాయన ఒక రేకు తగ్గిస్తనంటే వదిన ఒప్పుకోలె."

నాలుగున్నరకు తాను కొన్న గుర్రాన్ని ఆరు వేల రేకులకు, అదీ చూపించకుండా, ఫోనులో అమ్మేసింది! కోపం రావలసిన చోట రామనర్సయ్యకు కాసేపు గౌరవం వచ్చింది. తర్వాత అనుమానం వచ్చింది.

"మరి నువ్వు ఫోనెందుకు ఎత్తలే?"

"వదిన వద్దన్నది." లక్ష్మణ్ గ్లాసు కింద పెట్టి, రేకుల వైపు నడిచాడు. "'ఎత్తితే వెనక్కి మళ్ళుతడు. ఎత్తకుంటే నీ వెనకనే వస్తడు. రేకులు జీపు మీదికెక్కియ్యాలంటే ఇంకో మనిషి కావాలె గద' అన్నది. పట్టు అన్నా, ఆ కొస పట్టు."

రామనర్సయ్య ఆ కొస పట్టుకున్నాడు.

సాయంత్రం వాన కాస్త తెరిపిచ్చింది. రామనర్సయ్య నిచ్చెనెక్కి వసారా వాసాల మీద కూర్చుని రేకులు బిగిస్తున్నాడు. కింద నుంచి నాగేశ్వరమ్మ మేకులు అందిస్తోంది.

"నిన్న జారింది కాలు కాదు," అంది ఆవిడ.

ఆయన సుత్తి ఆపాడు. తల తిప్పకుండానే చెప్పాడు. "బస్తా ఎత్తితే ఊపిరాడట్లేదే. చాన్నాళ్ళయింది. ప్రవీణ్ లాగ సైకిల్ తొక్కితే తగ్గుతదేమో అనుకున్న."

"సోమవారం లక్ష్మణ్ జీపుల సుక్మా పోతన్నం. డాక్టరు చూసిందాక బస్తా ముట్టుకుంటే ఊరుకోను." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. అది వాన నీళ్ళు కాదు, వాన అప్పటికి ఆగిపోయింది. "నాకు చెప్పాలె గదయ్యా!"

"చెప్తే సైకిల్ కొననిచ్చేదానివా?"

"కొననిచ్చేదాన్నే. బేరం మాత్రం నేనాడేదాన్ని."

రామనర్సయ్య సుత్తి ఎత్తాడు. మేకు వంకరపోయింది. కింద నుంచి ఇంకోటి అందింది.