దిగే వస్తువుకు అనుమతి

ఆకాశం ఎవరి సొత్తూ కాదన్న అపోహను తొలగించడానికే ప్రాణహిత ఒడ్డునున్న సిరొంచలో 'సరిహద్దు ఊర్ధ్వ వస్తు కార్యాలయం' వెలిసింది. (దాని పైకప్పు కురుస్తుంది, ఆకాశంతో సంబంధం అంతవరకే.)

సైన్సు టీచరు ప్రశాంతి ఒక్క కోరికతో ఆ మెట్లెక్కింది. అట్ట గొట్టం, తేలిక చెక్క రెక్కలు, పాలిథిన్ గొడుగుతో మూరెడు రాకెట్టును సెలవులన్నీ ధారపోసి తనే చేసింది. ప్రాణహిత ఇసుకతిన్నె నీళ్లలో మునిగేలోపు దాన్ని ఒక్కసారి ఎగరేసి కళ్లారా చూసుకోవాలి.

"పెండ్లిళ్లల్ల తారాజువ్వలు కాలుస్తున్నరు గద సాహెబ్. వాటికి అనుమతి అడుగుతలేరేంది?"

"తారాజువ్వ పోతది, మళ్ల రాదు. దానితోని పేచీ లేదు మేడం," అన్నాడు కార్యాలయ పెద్ద మంగయ్య. "మీది గొడుగేసుకొని దిగుతదాయె. నది అవతల దిగితే వేరే రాష్ట్రం. ఎగిరేదానికి కాదు, దిగేదానికి కావాలె అనుమతి."

రోజూ అదే నది మీద వడ్ల బస్తాలు, మేకలు, పెళ్లికొడుకులు పడవల్లో అటూ ఇటూ దాటుతుంటారు. (వాళ్లెవరూ పైనుంచి దిగరు కనుక నిబంధన వర్తించదు.)

ముందు అవతలి ఒడ్డు వాళ్ల 'నా హర్కత్', అంటే అభ్యంతరం లేదన్న కాగితం, కావాలన్నారు. అక్కడుండే పెద్దమ్మ వెంకటవ్వ వేలిముద్ర వేసి, "నా కొంగుల పడితే పట్టుకుంట బిడ్డా" అంది. తర్వాత కమలాపూర్ అటవీ శిబిరంలోని ఏనుగులు బెదరవని రాయించుకు రమ్మన్నారు. "అవిటికేం హర్కత్ లేదు టీచరమ్మా. మీ సాహెబ్‌ను ఒకసారి చూస్తమంటున్నయి," అన్నాడు మావటి జంగు. రెండో మాటను ఆమె ఫైలులో పెట్టలేదు.

ఎగువన వానలు పడ్డాయి. తిన్నె అంచులు కరిగాయి గానీ ఫైలు కదలలేదు.

"ఇగ రేపటికి ఇసుక ఉండదక్కా," అన్నాడు పడవ నడిపే భీము. ప్రశాంతి రాకెట్టును చంకన పెట్టుకుని పడవెక్కింది.

తిన్నె మీద నిలబెట్టి ముట్టించగానే రాకెట్టు రయ్యిమని లేచింది. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పైన గొడుగు విచ్చుకుంది. అవతలి ఒడ్డున వెంకటవ్వ కొంగు పట్టుకుని నిలబడింది. కానీ ఆ కాలపు పడమటి గాలి రాకెట్టును సిరొంచ వైపే తోలుకొచ్చి, మంగయ్య కార్యాలయం వాకిట్లో భద్రంగా దించింది.

పంచనామా మొదలైంది. తాలూకా మొత్తంలో రాకెట్ల సంగతి తెలిసిన నిపుణురాలు ప్రశాంతి ఒక్కతే కనుక ఆమెనే పిలిచారు.

"ఇది రాకెటేనా మేడం?" అని మంగయ్య చెమట తుడుచుకున్నాడు. అవునంటే అనుమతి లేని రాకెట్టు సాక్షాత్తూ ఆయన వాకిట్లోనే దిగినట్టు. ఆమె ఉద్యోగం, ఆయన ఉద్యోగం రెండూ గోవిందా.

ప్రశాంతి దాన్ని ఆఖరిసారి ప్రేమగా చూసుకుంది.

"అనుమతి లేంది రాకెట్ ఎట్ల దిగుతది సాహెబ్? ఇది రాకెట్ కాదు."

"మరి మీ రాకెట్ ఏది?"

"ఇప్పుడైతే నా దగ్గర లేదు." అందులో అబద్ధం లేదు.

మంగయ్య ఊపిరి పీల్చుకున్నాడు. 'ఆకాశం నుంచి దిగిన, రాకెట్ కాని వస్తువు' అని రాయించి, దాన్ని బీరువాలో పెట్టి సీలు వేయించాడు.

మర్నాడే ప్రశాంతికి ఉత్తర్వు అందింది: "అర్జుదారు వద్ద రాకెట్ ఏదీ లేదని రుజువైనందున, ఎగురవేయుటకు అనుమతి మంజూరు చేయడమైనది."