కుడిచేతికి మార్కులు లేవు

మనిషి కింద పడితే పడ్డాడనే అనుకోవడం పామరుల అలవాటు. పడ్డవాడు నియమానుసారం పడ్డాడా, పడగొట్టినవాడికి పడగొట్టే అర్హత ఉందా అని విచారించడం నాగరికత. ఆ నాగరికతను కాపాడటానికే బాక్సింగ్ సమాఖ్య నైపుణ్య నిర్ధారణ మండలిని నెలకొల్పి, దానికి ఒక గది, ఒక పొడవాటి బల్ల, తిరగని ఫ్యాను ఇచ్చింది. (ఫ్యాను ఎందుకు తిరగడం లేదన్న విషయంపై ఉపసంఘం పనిచేస్తోంది.)

ఆ బల్లకు ఇవతలి కుర్చీలో బావ కూర్చున్నాడు. పగలు టైర్లకు పంక్చర్లు వేయడం, సాయంత్రం షాపు మీది గదిలో బాక్సింగ్ నేర్పడం ఆయన పని. హెవీవెయిట్ బాక్సర్ రోకలి ఆయన భార్యకు తమ్ముడు. రోకలి 'బావా' అని పిలుస్తుంటే విని, నేర్చుకునే కుర్రాళ్లందరూ అలాగే పిలవసాగారు. దాంతో ఆయన భార్యకు అడగకుండానే బోలెడంతమంది తమ్ముళ్లు ఏర్పడ్డారు.

రోకలికి ఆ పేరు కుడిచేతి వల్ల వచ్చింది. పాదాలు కదపడం, గడ్డం దాచుకోవడం, ఎడమచేత్తో దూరం చూసుకోవడం అన్నీ బావ ఓపిగ్గా నేర్పాడు. రోకలికి ఒంటబట్టింది కుడిచెయ్యి విసరడం ఒక్కటే. అదీ బావ నేర్పింది కాదు, గోడౌన్‌లో బస్తాలు లారీలోకి విసరగా వచ్చింది. ఆ ఒక్కదానితోనే అతను దిగిన ప్రతి పోటీనీ మొదటి రౌండులోనే ముగించాడు. ఈ ఏడు దాటితే వయోపరిమితి కూడా దాటిపోతుంది. ఇప్పుడు విదేశంలో జరగబోయే పెద్ద పోటీకి వెళ్లకపోతే ఇక మిగిలేవి బస్తాలే.

వెళ్లాలంటే నైపుణ్య ధ్రువపత్రం ఉండాలి. అది ఇవ్వాలంటే మండలి మూడు రౌండ్ల ఆట చూసి మార్కులు వేయాలి. రోకలి ఆట మూడు రౌండ్లు ఎన్నడూ సాగలేదు కనుక, అతనికి నైపుణ్యం ఉన్నట్టు గానీ లేనట్టు గానీ మండలికి సమాచారం లేదు.

అధ్యక్షుడు తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైనవాడు. దెబ్బ బరువు నైపుణ్యాన్ని మించుతుందా అన్న ప్రశ్నను ఆయన అంతకుముందు రెండు సమావేశాల్లో చర్చకు పెట్టాడు.

"మీవాడికి బలం ఉంది, కాదనను. వరదకీ ఉంటుంది. అలాగని వరదకు ఈతలో బహుమతి ఇవ్వలేం కదండీ" అన్నాడు.

మండలిలోని పాదచలన పరిశీలకురాలు తల ఊపింది. నిబంధనల ప్రకారం ఆమె మోకాళ్లకు పైన ఏం జరుగుతున్నా చూడకూడదు. రోకలి ఆఖరి పోటీపై ఆమె నివేదికలో ఒక్కటే వాక్యం ఉంది: 'ప్రత్యర్థి రెండు పాదాలూ ఏకకాలంలో నేలను విడిచాయి, ప్రశంసనీయం.' పదికి తొమ్మిది మార్కులు వేసింది, ప్రత్యర్థికి.

"అయ్యా, దెబ్బ సంగతి తిన్నవాణ్ణి అడిగితే తెలుస్తుంది కదా" అన్నాడు బావ, ఉండబట్టలేక.

అధ్యక్షుడికి ఆ సూచన నచ్చింది. ఆ ఆఖరి పోటీలో పడిపోయిన బస్సు డ్రైవరును మరుసటి వారం సాక్షిగా పిలిపించారు. ఏ చేత్తో కొట్టాడు, ఎక్కడ తగిలింది అని వివరంగా అడిగారు.

"గంట మోగిందండీ. తర్వాత చూస్తే మా ఆవిడ నా చెప్పులు వెతుకుతోంది. మధ్యలోది నాకు తెలీదు" అన్నాడు డ్రైవరు.

దెబ్బ తగిలినట్టు సాక్ష్యం లేదని మండలి నమోదు చేసుకుంది. అయినా సానుభూతితో రోకలికి ఒక పరీక్షా పోటీ మంజూరు చేసింది. ప్రత్యర్థి పటం. పాఠ్యపుస్తకంలో బొమ్మ ఎలా నిలబడి ఉంటుందో అతనూ అలాగే నిలబడతాడు, అందుకని ఆ పేరు. నైపుణ్యం మార్కుల్లో అతనిదే మొదటి స్థానం. (గెలుపుల పట్టికలో అతని స్థానం మండలి పరిధిలోకి రాదు.)

"మీవాడు పడగొట్టాడనుకోండి, పరీక్ష మధ్యలో ఆగిపోతుంది. ఆగిన పరీక్షకు మార్కులుండవు" అని అధ్యక్షుడు ముందే హెచ్చరించాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర బావ సంగతి చెప్పాడు. రోకలి చేతిలోని ముద్ద అలాగే ఆగిపోయింది.

"కుడిచేత్తో కొట్టొద్దంటే మరి దిగడం ఎందుకు బావా?"

"మూడు రౌండ్లు నిలబడ్డానికి."

"కొట్టకుండానా?"

వడ్డిస్తున్న అక్క గరిటె గిన్నెలో పెట్టింది. "అదేం బ్రహ్మవిద్య కాదురా. పెళ్లయినప్పట్నుంచి నేను ఈయనతో చేస్తున్నది అదే."

బావ కంచంలోకి చూసుకున్నాడు. రోట్లో తల దూర్చాక రోకటిపోటుకు వెరవకూడదని పెద్దలన్నారు గానీ, రోకలే వెళ్లి రోట్లో తల దూర్చాల్సి వస్తే ఏం చెయ్యాలో వాళ్లు చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి ఆయన రోకలి కుడిచేతిని తువ్వాలుతో నడుముకు కట్టేసి సాధన చేయించాడు.

పరీక్ష రోజున రోకలి మాట నిలబెట్టుకున్నాడు. మొదటి రౌండులో పటం అతన్ని పుస్తకంలో ఉన్న వరుసలోనే కొట్టాడు. రెండో రౌండులోనూ అదే వరుస. రోకలి ఎడమచేత్తో కాసుకున్నాడు, నేర్చుకున్నట్టే కాళ్లు కదిపాడు. పరిశీలకురాలు వంగి రాసుకుంటూనే ఉంది. పెదవి చిట్లింది, కన్ను ఉబ్బింది. అవి మోకాళ్లకు పైనున్న విషయాలు.

మూడో రౌండు ఆఖర్న పటం అలిసిపోయాడు. ఎడమచెయ్యి కిందికి జారింది. గుమ్మంలో వదిలేసిన పాలప్యాకెట్‌లా గడ్డం ఎవరైనా తీసుకోవచ్చన్నట్టు మిగిలింది. రోకలి కుడి భుజం దానంతట అదే వెనక్కి వెళ్లింది. అక్కడే ఆపి, అతను బావ వైపు చూశాడు.

బావ నాలుక చివర ఒక్క మాట ఉంది. ఆ మాట కోసమే ఆయన ఇన్నేళ్లూ ఆ మూల నిలబడ్డాడు. బల్ల దగ్గర కూర్చున్న అధ్యక్షుణ్ణి చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

భుజం దెబ్బ వేయకుండానే కిందికి దిగింది. గంట మోగింది.

ఫలితం అక్కడికక్కడే చెప్పారు. రోకలి నైపుణ్యంలో పాసయ్యాడు. అధ్యక్షుడు స్వయంగా లేచి ధ్రువపత్రం ఇచ్చి, విదేశానికి మాత్రం పటం వెళ్తాడని చెప్పాడు. చోటు ఒక్కటే ఉంది. అర్హులు ఇద్దరున్నప్పుడు వారి మధ్య జరిగిన పోటీలో గెలిచినవాడికే చోటు.

"ఇది పరీక్ష అన్నారు కదండీ" అన్నాడు బావ.

"పరీక్షేనండీ, మీవాడు పాసయ్యాడు. పోటీ కూడా. అందులో ఓడాడు." ఆయన గొంతులో అభినందనే ఉంది.

ఇద్దరూ మెట్లు దిగారు. రోకలి చిట్లిన పెదవి మీద తడిగుడ్డ అదుముకున్నాడు.

"బావా, చివర్లో ఆ గడ్డం చూశావా?"

"చూశాను."

"సరే. చూశావో లేదో అని అడిగా."

ఇంటికి వెళ్లాక అక్క ధ్రువపత్రాన్ని ఒకసారి, తమ్ముడి మొహాన్ని ఒకసారి చూసింది. రెండింట్లో దేన్నీ గోడకు తగిలించే పని లేదంది.

పటం విదేశం వెళ్లాడు. అక్కడి ప్రత్యర్థికి కాళ్లు కదపడం రాదు, గడ్డం దాచుకోవడమూ రాదు. ఉన్నది ఒక కుడిచెయ్యి. పటం మొదటి రౌండులోనే పడి, దవడకు కట్టుతో తిరిగొచ్చాడు. మండలి విచారణ జరిపింది. ఏం తగిలిందని అడిగితే గంట మోగడం వరకే గుర్తుందని అతను కాగితం మీద రాసి చూపించాడు. ఆట మూడు రౌండ్లు సాగనందున ప్రత్యర్థికి నైపుణ్యం ఉన్నట్టు తేలలేదని, కాబట్టి మనవాడు నైపుణ్యపరంగా ఓడిపోలేదని మండలి నిర్ణయించింది. పడేటప్పుడు సైతం అతని పాదాలు సరైన కోణంలోనే ఉన్నాయని పరిశీలకురాలు వీడియో చూసి ధ్రువీకరించింది.

అయితే వచ్చే ఏటికి పటానికి బరువైన దెబ్బలు అలవాటు చేయించాలని కూడా తీర్మానించారు. అందుకు ధ్రువపత్రం ఉన్న హెవీవెయిట్ ఒకడు రోజూ సాయంత్రం సాధనలో అతనికి ఎదురు నిలవాలి. ఆ పనికి వయోపరిమితి లేదు. మండలి మళ్లీ బావను పిలిపించి అదే కుర్చీలో కూర్చోబెట్టింది. ఫ్యాను ఇంకా తిరగడం లేదు.

బావ అంతా విన్నాడు. కుర్చీ అంచుకు జరిగాడు.

"అంటే, మావాడు ఇప్పుడతన్ని కుడిచేత్తో కొట్టొచ్చాండీ?"

అధ్యక్షుడు అటూ ఇటూ ఉన్న సభ్యులతో కాసేపు మెల్లగా మాట్లాడి బావ వైపు తిరిగాడు.

"పరీక్షలో అతను కుడిచెయ్యి వాడలేదు కదండీ. ధ్రువపత్రం ఎడమచేతికే వర్తిస్తుంది."